రథం దాకా అంబాదాస్ నడక

షోలాపూర్ నుంచి తిరిగి వచ్చానని తెలియగానే మా సత్సంగంలో అందరూ దుప్పట్ల సంగతే అడిగారు. తెచ్చాను. నెమళ్ళు నేసిన ఎర్ర దుప్పటి ఒకటి, తువ్వాళ్ళు కొన్ని. ధర చెబితే, హనుమకొండలో ఇంతకు సగం దుప్పటి కూడా రాదన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోయినా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నన్ను పిలిచింది మా చెల్లెలి కూతురు సుజాత. అక్కడ మనోరోగాల డాక్టరు. ఏళ్ళ తరబడి మతి చెదిరి మందుల మీద బతుకుతున్న వాళ్ళ ఒంటి ఆరోగ్యాన్ని ఎలా బాగుచేయవచ్చో తెలుసుకోవడానికి ఒక పరిశోధన మొదలుపెట్టింది. "ఇక్కడ మన తెలుగు నేతవాళ్ళు చాలామంది ఉన్నారు పెద్దమ్మా. మా దగ్గర పనిచేసే పిల్లలు మరాఠీలో అడుగుతారు, వాళ్ళు మరాఠీలో మర్యాదగా జవాబు చెప్పి పంపిస్తారు. ఇంట్లో మాట్లాడుకునే మాట నాకు కావాలి. నువ్వొచ్చి వాళ్ళ మధ్య కూర్చో" అంది.

శ్రావణంలో పారాయణం వదిలి ఎలా రానన్నాను. ఇక్కడే చదువుకో, వినేవాళ్ళు దొరుకుతారంది. ఆ మాటతో బయలుదేరాను. అక్కడ నేను కలిసిన ఒక అక్కా, తమ్ముడూ తమ గురించి రాయమని ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం మార్చాను.

హోట్గి రోడ్

సుజాత ఇల్లు హోట్గి రోడ్డులో, కొత్త కాలనీల మధ్య. దిగిన పొద్దునే కడక్ భాకరి పెట్టింది. జొన్నరొట్టెను అప్పడంలా గట్టిపడేదాకా ఎండబెడతారు. నెలలు నిలవ ఉంటుందట. నాకు తెలియక మన ఇంటి రొట్టెలాగే కొరికాను. కట్టుడు పన్ను కదిలింది. మిగిలిన రోజులన్నీ దాన్ని పెరుగులో నానబెట్టుకుని తిన్నాను. వేరుశనగ చట్నీ మాత్రం మన పొడి కంటే బాగుంది. రోట్లో నూనె తేలేదాకా దంచుతారు.

తింటూ అడిగాను, మతి జబ్బుకు డాక్టరువు, ఒంటి సంగతి నీకెందుకని.

"ఆ జబ్బు వాళ్ళను చంపదు పెద్దమ్మా. గుండె, షుగరు, ఊపిరితిత్తులు చంపుతాయి. మందులకు ఒళ్ళు వస్తుంది. ఛాతీలో నొప్పి అన్నా పిచ్చి మాట అనుకుంటారు. మనకంటే చాలా ముందే పోతారు."

ఆమె పద్ధతి ఇది. ఒప్పుకున్న వాళ్ళందరి బరువు, నడుము కొలత, రక్తపోటు, షుగరు ముందే చూస్తారు. తర్వాత చీటీ తీస్తారు. సగం మంది రోజూ సాయంత్రం గుంపుగా నడుస్తారు, వాళ్ళకు తిండి గురించి కూడా చెబుతారు. మిగిలిన సగం మందికి ఇప్పుడు జరిగే వైద్యమే జరుగుతుంది. కొన్నాళ్ళకు అందరినీ మళ్ళీ కొలుస్తారు.

నాకు నచ్చలేదు. "గుడిలో ప్రసాదం సగం మందికి పెట్టి, సగం మందిని చూస్తూ కూర్చోమంటామా?"

"అందరికీ పెడితే, ప్రసాదం వల్ల బాగయ్యారో, కాలం గడిచి బాగయ్యారో ఎట్లా తెలుస్తుంది? పనికొస్తుందని తేలితే రెండో సగానికి కూడా పెడతాం."

నేను మజ్జిగ గ్లాసు అందుకున్నాను.

దాజీ పేట్

మర్నాడు సుజాతకు ఆసుపత్రిలో పని ఉంటే నేను ఒక్కదాన్నే దాజీ పేట్ వెళ్ళాను. షేర్ ఆటోలో ముందే దిగిపోయి, చాలాసేపు ఎండలో తిరిగాను. మగ్గాల చప్పుడు వినబడే దిక్కుకు నడవమని ఒకావిడ చెప్పింది. నిజమే, సందు మొదట్లోనే కాళ్ళ కింద నేల అదిరింది. ప్రతి ఇంటి కింది గదిలో మరమగ్గాలు, పై గదిలో సంసారం. మగ్గాల దగ్గర మనుషులు మాట్లాడరు, కళ్ళతో, చేతులతో సైగ చేసుకుంటారు. బయటికొచ్చాక కూడా గట్టిగానే మాట్లాడతారు. గుమ్మాల మీద తెలుగు ఇంటిపేర్లు మరాఠీ అక్షరాల్లో ఉన్నాయి.

ఒక మగ్గాల యజమాని, పెద్దాయన, నా మాట విని లోపలికి పిలిచాడు.

"ఏ ఊరు అక్కా మీది? హన్మకొండనా? మా తాతది జనగామ దిక్కు. నేను చూడలే. పోదాం పోదాం అంటనే ముసలోన్ని అయిన. చాయ్ తాగు, చక్కెర జాస్తి ఉంటది. ఏం పని మీద వచ్చినవో చెప్పు."

వచ్చిన పని చెప్పాను. సుజాత దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒకడు తన దగ్గర నేసినవాడేనని ఆయనే చెప్పాడు. పేరు అంబాదాస్.

"బంగారం అసొంటి చెయ్యి. ఒక దినం నడుస్తున్న లూమ్ బంద్ జేసి, సేఠ్, నన్ను ఎవరు పిలుస్తుండ్రు అన్నడు. ఎవ్వరు పిలుస్తలేరు రా, చల్, లూమ్ నడిపియ్ అన్న. మల్ల బంద్ జేసిండు. గట్ల నాలుగుసార్లు. ఇంక ఏం జెయ్యాలె, ఇంటికి తోలిచ్చిన." ఆయన కప్పు కింద పెట్టాడు. "పున్నమికి మార్కండేయుని రథం ముంగట నడిచేటోడు వాడు. సాల్ మొత్తం నేసినా, ఆ ఒక్క దినమే వాని దినం. ఇప్పుడు ఆడ గూడ కనవడడు."

పద్మశాలీల కులదైవం మార్కండేయుడు. రాఖీ పున్నమి నాడు మగ్గాలు ఆపి, జంధ్యాలు మార్చుకుని, రథం ఊరేగిస్తారు. మా ఓరుగల్లులో కూడా చేస్తారు గాని, ఊరు మొత్తం ఒక్క రథం వెనక నడవడం ఇక్కడే ఉందని ఆయన గర్వంగా చెప్పాడు.

విడీ ఘర్కుల్

బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు ఇవి. ఒకే రకం ఇళ్ళు, వరుస తర్వాత వరుస. గాలి అంతా పొగాకే. చీరల్లో, తలల్లో, తాగే నీళ్ళలో కూడా అదే వాసన. మొదటి రోజు తుమ్మి తుమ్మి కళ్ళు ఎర్రబడ్డాయి. నర్సుబాయి గుమ్మంలో తెలియక తడిబట్ట మీద కూర్చున్నాను. దాని కింద బీడీల కోసం నానబెట్టిన తునికాకు ఉంది.

"లే, లే పెద్దమ్మా, మీరు కూసున్నది నా రేపటి బువ్వ మీద" అని నవ్వింది ఆమె.

నర్సుబాయి అంబాదాస్ అక్క. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒడిలో చాట, చాటలో పొగాకు. ఆకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం, మాట్లాడడం అన్నీ ఒకేసారి సాగుతాయి. అంబాదాస్ గోడకానుకుని కూర్చున్నాడు. పొట్ట ముందుకొచ్చిన భారీ మనిషి. కళ్ళు మాత్రం చిన్నపిల్లాడివి.

"మీ చెవుల్లో ఇంకా పిలుస్తున్నారా?" అని అడిగాను.

"లూమ్ బంద్ జేసి శానా సాల్లు అయింది పెద్దమ్మా. చెవుల లూమ్ బంద్ గాలే. కరెంట్ బిల్ ఎవరు కడుతుండ్రో" అన్నాడు.

సుజాత దగ్గర పనిచేసే అమ్మాయి కొలతలు తీసుకుని ప్రశ్నలు అడిగింది. మరాఠీలో అడిగినదాన్ని నేను తెలుగులో చెప్పాను. తిండి, నిద్ర, నడక అయ్యాక పొగాకు అలవాటు ఉందా, వారానికి దానికి ఎంత ఖర్చు పెడతారని వచ్చింది. అంబాదాస్ నోరు తెరిచేలోపు నర్సుబాయి చెప్పేసింది.

"వానికి ఏ షోకు లేదు. పాన్ దుకాణం దిక్కు గూడ చూడడు. దేవుని అసొంటోడు."

అంబాదాస్ నవ్వాడు. అమ్మాయి తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

చీటీలను కవర్లలో పెట్టి అందరి ముందూ విప్పారు. తన తమ్ముడి కవరు నన్నే విప్పమంది నర్సుబాయి. నడిచే గుంపు వచ్చింది. ఆమె చేతులు జోడించింది. నా నోటి నుంచి నా అలవాటు మాటే వచ్చింది. "దేవుడే తీశాడమ్మా ఈ చీటీ."

"నడిస్తే పున్నమికి రథం ముంగట నడుస్తడా పెద్దమ్మా?" అని అడిగింది. నడుస్తాడన్నాను.

మర్నాటి నుంచి శ్రావణం. ఇక్కడ చాలామంది ఆ నెల మాంసం మానేస్తారు, తాగేవాళ్ళు తాగుడు మానేస్తారు. రోజూ మధ్యాహ్నం ఆ వరుసలో కూర్చుని పురాణం చదివాను. మా సత్సంగంలో వినేవాళ్ళు ఒత్తులు చేసుకుంటారు, ఇక్కడ బీడీలు చుట్టుకుంటూ విన్నారు. ఒకరోజు వ్రతాల ఘట్టం వచ్చింది. మొక్కిన మొక్కు తీరేదాకా పైకి చెప్పకూడదని, పదిమందికి చెప్పుకుంటే అది డప్పు కొట్టుకోవడమే అవుతుందని వివరంగా చెప్పాను. నర్సుబాయి చేతిలో బీడీ ఆపి విన్నది. అంత బాగా విన్నందుకు సంతోషించాను.

మైదానం

సాయంత్రాలు కాలనీ పక్కన మైదానంలో నడక. జబ్బు ఉన్నవాళ్ళు, ఒకరిద్దరు ఇంటివాళ్ళు, సుజాత మనిషి ఒకరు. నాకు బూట్లు కొనిపెట్టింది సుజాత. చీర కింద బూట్లతో మొదటి రోజు ఇంట్లోంచి బయటికి రావడానికే సిగ్గుపడ్డాను. నన్ను చూసి ఒకామె "పోలీస్ మౌశీ వచ్చింది" అంది. మౌశీ అంటే పిన్ని. ఆ పేరే నిలిచిపోయింది.

అంబాదాస్ ముందు విసుక్కున్నాడు. "యాడికి పోకుండ నడుసుడేంది? లూమ్ కాడ గుడ్డ అయిన జరంత ముందుకు జరుగుతది. ఈడ చుట్టూ తిరిగి మల్ల ఈన్నే."

కానీ రోజూ వచ్చాడు. అతను రావడం ఆలస్యమైతే మిగిలినవాళ్ళు నిలబడి ఎదురుచూసేవాళ్ళు. అది చూసి నర్సుబాయి ఒకసారి నా చెయ్యి పట్టుకుంది. "వీని కోసం ఎవరన్న ఆగుడు నేను చూడలే పెద్దమ్మా. నేను పోయినంక ఎట్ల అని రోజు రంది. వీడు నా కంటె ముంగట పోవద్దంట, నా ఎన్క ఒక్కడు ఉండద్దంట. దేవునికి ఏమని మొక్కాలె చెప్పు."

కొన్ని రోజులకు అంబాదాస్ నెమ్మదయ్యాడు. జోకులు తగ్గాయి. ఒక సాయంత్రం నా పక్కన నడుస్తూ అన్నాడు, "పెద్దమ్మా, చెవుల లూమ్ బంద్ అయింది. కాళ్ళ లూమ్ గూడ బంద్ అయితున్నట్టున్నది. నిద్ర వస్తుంది నడిచినా."

నేను మొదటి మాటే విన్నాను. చెవులు నిశ్శబ్దమయ్యాయట. శ్రావణం, పురాణ శ్రవణం, అక్క భక్తి, వీటి ఫలమే అనుకున్నాను. "మంచిదే నాయనా. నిద్ర పడితే మంచిదే" అన్నాను. ఇంటికి వెళ్ళి సుజాతకు కూడా సంబరంగా చెప్పాను. ఆమె సంబరపడలేదు, మరో రెండు రోజుల్లో చూస్తానంది. ఆ రెండు రోజులు గడవలేదు. మర్నాడే మైదానంలో రెండో చుట్టులో అతని మోకాళ్ళు వంగాయి. పక్కవాళ్ళు పట్టుకునేలోపు నేల మీద పడ్డాడు. నోటి పక్క నుంచి చొంగ కారుతోంది. పిలిస్తే పలికాడు గాని, మాట ముద్దగా వచ్చింది.

దవాఖాన

సుజాత అన్నీ అడిగింది. మాత్రలు రెండుసార్లు వేశారా? కొత్త మందు ఏదైనా ఇచ్చారా? నర్సుబాయి అన్నిటికీ లేదంది. రక్తం పరీక్షకు పంపించి సుజాత వార్డులో కూర్చుంది. మేమిద్దరం బయట బల్ల మీద.

నర్సుబాయి నేల చూస్తూ అంది, "నా మొక్కు దేవునికి ముట్టలేదు పెద్దమ్మా."

"ఏం మొక్కావమ్మా?"

"చెప్పద్దన్నవు గదా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంక చెప్తే ఏమైతది. శ్రావణం మొదలు అయిన కాడికెల్లి వానికి ఛాట్ బీడీలు బంద్ జేసిన. రథం ముంగట సాఫ్ నోటితోని నడవాలె అని."

చుట్టేటప్పుడు వదులుగా వచ్చినవీ, ఆకు చిరిగినవీ కంపెనీలో పక్కకు తీసేస్తారు. వాటిని ఛాట్ అంటారు. నర్సుబాయి వాటిని ముందే ఏరి ఇంట్లో ఒక డబ్బాలో వేస్తుంది. ఏళ్ళుగా ఆ డబ్బా అంబాదాస్‌ది. ఇంటి వెనక కూర్చుని పొద్దంతా వాటిని తాగుతాడట. ఆ వరుసలో చాలా ఇళ్ళలో అంతే. పనికిరాని బీడీలు, పనికి పోని మనిషి.

"మరి అలవాటు లేదన్నావు కదమ్మా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది అలవాటా? పైసలు వెట్టి కొంటే షోకు. వాడు ఇంట్ల ఖరాబ్ మాల్ ఖతం జేస్తడు, అంతే. పారేస్తమా మరి?"

లోపలికి వెళ్ళి సుజాతకు చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తర్వాత నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. అంబాదాస్ వేసుకునే మాత్రను పొగ ఒంట్లో తొందరగా కరగదీస్తుందట. అందుకే పొగ తాగేవాళ్ళకు ఎక్కువ మోతాదు పడుతుంది. అంబాదాస్‌కు అంత ఎందుకు పడుతోందో తెలియకుండానే పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు పొగ ఒక్కసారిగా ఆగింది, మోతాదు ఆగలేదు. రోజురోజుకూ మందు ఒంట్లో పేరుకుపోయింది.

"చెప్పి మానిపిస్తే మోతాదు తగ్గిస్తూ వచ్చేవాళ్ళం. ఎంత మంచి పని చేసింది పెద్దమ్మా ఆవిడ" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

పొగ వాసనైనా మీరెవరూ పసిగట్టలేదా అని అడిగాను. ఆ కాలనీలో పసిపిల్లల దగ్గర కూడా పొగాకు వాసనేనంది. గాలి ఊదితే పొగ తాగినదీ లేనిదీ చెప్పే యంత్రం ఉందట. కానీ తాగుతామన్న వాళ్ళ చేతనే ఊదించారట. "కొట్లో కొనుక్కునే వాళ్ళ కోసం రాసిన ప్రశ్న అది. బీడీలు పుట్టే ఇంటికి పట్టుకుపోయాం. లేదు అన్న వాళ్ళందరినీ మళ్ళీ అడగాలి. అందరి చేతా ఊదించాలి." నా వైపు తిరిగి అంది, "నిన్ను పిలిచింది ఇందుకే కదా పెద్దమ్మా."

నిష్ఠూరంగా అనలేదు. అలసిపోయి అంది. 

పున్నమి

మోతాదు తగ్గించాక అంబాదాస్ తేరుకున్నాడు. కాళ్ళలో ఇంకా బలం రాలేదు, రథం దాకా పంపవద్దన్నారు. పొగ లేని ఒంటికి సరిపడా మందు ఇప్పుడు ఇస్తున్నామని, మళ్ళీ బీడీలు మొదలుపెడితే ఇది చాలదని, చెవుల్లో పిలుపులు తిరిగి వస్తాయని సుజాత నర్సుబాయికి రెండుసార్లు చెప్పింది. ఆమె తల ఊపింది.

పున్నమి రోజు సుజాత నన్ను రథం చూద్దాం రమ్మంది. నేను ఘర్కుల్ వెళ్ళాను. వరుసలు ఖాళీ. నడక గుంపు వాళ్ళు కూడా కొత్త బట్టలు వేసుకుని బస్సెక్కి వెళ్ళారు. అంబాదాస్ గుమ్మంలో కూర్చున్నాడు. మెడలో కొత్త జంధ్యం, చేతికి రాఖీ. వేళ్ళ మధ్య వెలిగించిన బీడీ. నన్ను చూసి వీపు వెనక దాచుకున్నాడు, పెద్దవాళ్ళ ముందు తాగకూడదు కదా.

నర్సుబాయి లోపలి నుంచి వచ్చింది. నేను అడగకముందే చెప్పింది. "నేనే ఇచ్చిన పెద్దమ్మా."

"డాక్టరమ్మ చెప్పింది కదమ్మా. అది దేవుడు చేసింది కాదు, మందు ఎక్కువైంది. నీ మొక్కులో తప్పు లేదు."

"చీటీ దేవుడు తీసిండన్నవు." ఆమె గొంతులో కోపం లేదు. "నేను నమ్మిన. మరి పడగొట్టింది ఎవరు? చీటీ తీసింది ఆయన, పడగొట్టింది మందా? నా మొక్కు వద్దన్నడు పెద్దమ్మా, సాఫ్ సమజ్ అయింది. మల్ల మొక్కి, మల్ల వీన్ని నేల మీద చూడాల్నా?"

ఇన్నేళ్ళు చదివాను, ఇంతమందికి చెప్పాను.  దేవుడు గుర్తులు పంపడని ఇప్పుడు ఆమెకు చెప్పలేను, పంపుతాడని నేనే చెప్పాను. సుజాతకు ఫోన్ చేశాను.  రేపు పొద్దునే వచ్చి మోతాదు మళ్ళీ చూస్తానంది. పరిశోధన లెక్కలో అంబాదాస్‌ను ఎలా రాయాలో తర్వాత ఆలోచిస్తాను గాని, నడకకు మాత్రం అతన్ని రమ్మని చెప్పమంది.

చెప్పాను. నర్సుబాయి సరేనని చాట ముందేసుకుంది. పండుగ రోజు కూడా. నేను అంబాదాస్ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళలో అతనికేం కావాలో నేను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది.

"నీకేం కావాలి అంబాదాస్? బీడీ మానాలని నీకుందా?"

అతను బీడీని నేలకు నొక్కి ఆర్పాడు. "అక్క బంద్ అన్నది, బంద్ జేసిన. అక్క తీస్కో అన్నది, తీస్కున్న. బీడీ లేకున్నా నాకేం గాలే పెద్దమ్మా, నిద్రే వచ్చింది. నీకు చెప్పిన గదా, కాళ్ళు బంద్ అయితున్నయని."

"చెప్పావు."

"మంచిదే అన్నవు."

అవునన్నాను. అతను నన్ను తప్పు పట్టలేదు, గుర్తు చేశాడంతే. ఆర్పిన బీడీని చెవి మీద పెట్టుకుని దూరంగా ఊరి దిక్కు చూశాడు. అక్కడి నుంచి రథం కనబడదు, డోళ్ళు వినబడవు.

"ఇప్పుడు గుడి కాడికెల్లి ఎల్లి ఉంటది" అన్నాడు. "ముంగట గలగల లెజీమ్ ఆడుకుంట పోరగాండ్లు. దాజీ పేట్ మూల మీద తిరుగుతది ఇప్పుడు. సేఠ్ ఇంటి ముంగట ఆగుతది, అక్కడ రథం ముంగట నీళ్ళు ఆరవోస్తరు. లూమ్‌లు అన్ని బంద్ ఉంటయి. ఆ ఒక్క దినమే గల్లీల మన అడుగుల చప్పుడు మనకు ఇనస్తది."

కళ్ళు మూసుకుని సందు తర్వాత సందు చెప్పుకుంటూ పోయాడు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ కొబ్బరికాయ కొడతారో, ఎక్కడ దారి ఇరుకై అందరూ ఒత్తుకుంటారో. కూర్చున్నచోటే అతని పాదాలు మెల్లగా కదులుతున్నాయి. సాయంత్రమైంది, ఊరికి తిరిగి వెళ్ళే నా రైలుకు వేళ అవుతోందని లేవబోయాను.

"కూసో పెద్దమ్మా" అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఇంక సగం దారి గూడ గాలే."